కొలరాడోలో కొన్న పెన్ను, చింతపల్లిలో ఎక్కిన బస్తాలు

పాఠకుల ప్రశ్నలు – లాయరు జవాబులు

ఈసారి పొలం వాటాలవీ, అద్దె తగాదాలవీ ఉత్తరాలన్నీ పక్కన పెట్టేశాను, రాసినవాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల చూద్దాం. ఎందుకంటే ఒకే వారంలో రెండు ఉత్తరాలొచ్చాయి, ఒకటి గాజువాక నుంచి, ఇంకోటి చింతపల్లి దగ్గర గూడెం నుంచి. రెండూ గంజాయి కేసులే. ఒకటి టెక్సాస్‌లో, ఇంకోటి మన ఏజెన్సీలో. పక్కపక్కన పెట్టుకుని చదివితే రెండిళ్ళ బాధా ఒకటే, పిల్లాడు ఎక్కడో ఊరికి దూరంగా కేసులో ఇరుక్కున్నాడు, అక్కడ లాయర్లే తక్కువ, ఎవర్ని నమ్మాలో తెలీదు, ఏది అమ్మాలో తెలీదు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. చివర్లో పోలీసు నోటీసు గురించిన ఒక చిన్న ఉత్తరానికి మాత్రం చోటిచ్చాను, అది వచ్చే నెల దాకా ఆగేది కాదు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గాజువాక, మావారు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. అబ్బాయి టెక్సాస్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. సెలవులకి ఇద్దరు ఫ్రెండ్స్‌తో కారులో కొలరాడో వెళ్ళి తిరిగొస్తుంటే అమరిల్లో దాటాక ఏదో చిన్న కౌంటీలో (మన జిల్లాలాంటిదట) స్పీడని ఆపారట, కారు వెతకొచ్చా అంటే మావాడు సరే అన్నాడట, జాకెట్ జేబులో గంజాయి ఆయిల్ పెన్ను దొరికింది. కొలరాడోలో షాపులో బిల్లిచ్చి అమ్మారమ్మా నా తప్పేంటి అంటాడు. ఫెలొనీ, అంటే పెద్ద నేరం, అని రాశారు. రెండో రోజు బాండ్ మీద బయటికొచ్చాడు. ఆ ఊళ్ళో లాయర్లు ముగ్గురో నలుగురోనట, డాలస్‌లో పెద్దాయన 15 వేల డాలర్లు అడుగుతున్నాడు. తెలిసినవాళ్ళేమో గిల్టీ అని ఒప్పేసుకుంటే డిఫర్డ్ ఇస్తారు, రికార్డు కూడా ఉండదు, గొడవ వదిలిపోతుంది అంటున్నారు. ప్లాటు అమ్మేద్దామని మావారు, ఒప్పేసుకోమని మా తమ్ముడు. నాకు బుర్ర పనిచెయ్యట్లేదు.

జవాబు: అమ్మా, ప్లాటు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ "ఒప్పేసుకుంటే పోతుంది" అన్న మాట మీ తమ్ముడి గారి చేత వెనక్కి తీయించండి. నాకు ఈ ఉత్తరంలో భయం వేసింది ఆ ఒక్క లైను దగ్గరే.

టెక్సాస్‌లో డిఫర్డ్ ఎడ్జుడికేషన్ అంటే కోర్టులో గిల్టీ అనో, పోటీ చెయ్యను అనో చెప్తాడు, జడ్జి శిక్ష ప్రకటించకుండా కొంతకాలం ప్రొబేషన్‌లాగా పెడతాడు, బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తారు. అక్కడ పుట్టినవాడికి ఇది మంచి బేరమే. మీవాడు వీసా మీద ఉన్నాడు. ఇమిగ్రేషన్ చట్టం లెక్క వేరే, కోర్టులో నేరం ఒప్పుకుని ఏదో ఒక షరతుకో శిక్షకో లోబడితే వాళ్ళ దృష్టిలో అది కన్విక్షనే, అంటే నేరం రుజువైనట్టే, టెక్సాస్ జడ్జి తర్వాత కొట్టేసినా సరే. మత్తుపదార్థాల కన్విక్షన్ మీద దేశం నుంచి పంపించెయ్యొచ్చు. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు గంజాయి, అదీ ఒక్కసారి, అని చిన్న మినహాయింపు ఉంది గానీ ఆయిల్ అందులోకి వస్తుందని తేల్చి చెప్పాల్సింది ఇమిగ్రేషన్ లాయరే, ఫ్రెండ్సూ వాట్సాప్ గ్రూపులూ కాదు.

ఇలాంటిదే ఒక కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. హోసే పడిల్లా అని హోండూరస్‌లో పుట్టిన లారీ డ్రైవరు, అమెరికా సైన్యంలో కూడా చేశాడు, కెంటకీలో లారీ నిండా గంజాయితో దొరికాడు. నువ్విక్కడ చాలా ఏళ్ళ నుంచి ఉన్నావు, పంపించరులే, ఒప్పేసుకో అన్నాడు అతని లాయరు. ఒప్పుకున్నాక పంపించే ప్రొసీడింగ్స్ మొదలయ్యాయి. 2010లో కోర్టు ఏం చెప్పిందంటే, విదేశీయుడైన ముద్దాయికి ఒప్పుకుంటే దేశం దాటించే ప్రమాదం ఉందని చెప్పడం డిఫెన్స్ లాయరు బాధ్యత, చెప్పకపోతే లాయరు సహాయం అందనట్టే అని. కాబట్టి మీవాడు లాయర్ని కలిసినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజెంత అని కాదు, నేను ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నాను, ఈ కేసు ఎలా ముగిస్తే వీసాకి దెబ్బ తగలదు, ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడి రాతలో చెప్తారా అని. ఆ ప్రశ్నకి "అదంతా నాకెందుకు" అనే లాయరైతే కుర్చీలోంచి లేచి వచ్చెయ్యమనండి.

ఇప్పుడు కొలరాడో షాపు బిల్లు. అది పనికిరాదమ్మా. గంజాయికి కొలరాడో ఓటర్లు 2012లో ఒప్పుకున్నారు, టెక్సాస్ ఒప్పుకోలేదు, ఫెడరల్ చట్టమూ ఒప్పుకోలేదు. పైగా టెక్సాస్‌లో ఆకు గంజాయి 2 ఔన్సుల లోపైతే మిస్‌డెమీనర్, అంటే చిన్న నేరం, అదే ఆయిలైతే ఒక్క గ్రాము లోపే ఉన్నా స్టేట్ జైల్ ఫెలొనీ, 180 రోజుల నుంచి 2 ఏళ్ళ దాకా. గ్రాము నుంచి 4 గ్రాముల లోపైతే 2 నుంచి 10 ఏళ్ళు. ఆయిల్లో కలిపిన వేరే ద్రవం బరువు కూడా లెక్కలోకే వస్తుంది. అందుకని ఆ పెన్నులో ఎంత మిగిలుంది, ల్యాబ్ రిపోర్టు ఏం చెప్తోంది అన్నది కేసులో సగం. మిగతా సగం ఆ ఆపడమూ వెతకడమూ. ఎందుకు ఆపారు, ఎంతసేపు నిలబెట్టారు, వెతకొచ్చా అని ఎలా అడిగారు, పోలీసు కెమెరా వీడియో తెప్పించి చూడాలి. (పిల్లల్ని పంపేటప్పుడు పచ్చళ్ళు ప్యాక్ చేసి ఇస్తాం గానీ "కారు వెతకొచ్చా అంటే వద్దని మర్యాదగా చెప్పే హక్కు నీకుంది" అని ఎవరం చెప్పం.)

ఇక ఊరి లాయరా, డాలస్ లాయరా? ఏయూ లా కాలేజీలో నాతో చదివిన ఆమె ఇప్పుడు టెక్సాస్‌లోనే ప్రాక్టీసు చేస్తోంది, మీ ఉత్తరం చదివి వినిపించాను. ఆమె చెప్పిందీ, ఇక్కడ నేను పాతికేళ్ళుగా చూస్తున్నదీ ఒకటే. టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి, చిన్న కౌంటీల్లో ఒకే డిస్ట్రిక్ట్ జడ్జి నాలుగైదు కౌంటీలు తిరుగుతుంటాడు, ప్రాసిక్యూటరూ అంతే, కౌంటీ పోలీసు పెద్ద షెరీఫ్ ఓట్లతో గెలిచినవాడు, అందరూ ఒకరికొకరు ఎరిగినవాళ్ళే. ఏ ప్రాసిక్యూటరు మొదటి తప్పుకి నేరం ఒప్పుకోకుండానే డైవర్షన్ (షరతులు పాటిస్తే కేసు వదిలెయ్యడం) ఇస్తాడు, ఏ జడ్జి వీడియో చూడకుండా మాట వినడు, ఇవన్నీ ఆ కోర్టు హాల్లో వారం వారం నిలబడేవాడికే తెలుస్తాయి. డాలస్ ఆయన ఎంత గొప్పవాడైనా ఆ కోర్టుకి కొత్తవాడు, పైగా రానూపోనూ గంటలకి కూడా మీరే కట్టాలి. నేనైతే ఆ కోర్టులో గానీ పక్క కౌంటీలో గానీ రోజూ క్రిమినల్ కేసులు చేసేవాణ్ణి పెట్టుకుని, దానికి తోడు ఇమిగ్రేషన్ లాయర్ని సలహాకి విడిగా మాట్లాడుకుంటాను. ఇమిగ్రేషన్ ఆయన ఆ ఊళ్ళో ఉండక్కర్లేదు, అది ఫెడరల్ చట్టం, ఏ ఊళ్ళో కూర్చున్నా ఒకటే.

క్లారెన్స్ గిడియన్ అని ఒకాయన కథ లా విద్యార్థులందరికీ చెప్తారు. 1961లో ఫ్లోరిడాలో పూల్ ఆడే చోట దొంగతనం చేశాడని కేసు. డబ్బుల్లేవు లాయర్నివ్వండి అంటే ఉరిశిక్ష పడే కేసుల్లోనే ఇస్తాం అన్నాడు జడ్జి. తనే వాదించుకుని ఓడిపోయాడు, 5 ఏళ్ళు వేశారు. జైల్లోంచి పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకి అర్జీ రాశాడు, 1963లో తొమ్మిది మంది జడ్జీలూ ఒక్క మాట మీద ఫెలొనీ కేసుల్లో పేదవాడికి లాయర్ని సర్కారే ఇవ్వాలన్నారు. ఇంతవరకూ అందరూ చెప్తారు. తర్వాతది చెప్పరు. మళ్ళీ విచారణకి వచ్చినప్పుడు మయామీ నుంచి పేరున్న లాయర్లొస్తే గిడియన్ వద్దన్నాడు, నాకు మా ఊరి ఫ్రెడ్ టర్నర్ కావాలన్నాడు. టర్నర్‌కి అసలు సాక్షి ఎలాంటివాడో ముందే తెలుసు, గతంలో అతని కేసులు కూడా చూసినవాడు. జ్యూరీ గంటలో నిర్దోషి అనేసింది.

పేదవాడికి లాయర్నివ్వాలన్న ఆ తీర్పు మీవాడికీ వర్తిస్తుంది, సిటిజన్ కాకపోయినా. చేతిలో డబ్బు లేకపోతే కోర్టు నియమించే లాయర్ని అడగొచ్చు, కౌంటీ ఖర్చుతో ఇస్తారు, మీవాడి ఆదాయం ఆస్తి వివరాలు ఫారంలో రాయాలి, అందులో మాత్రం అబద్ధం రాయకూడదు. చిన్న కౌంటీల్లో ఇలా నియమించేది చాలాసార్లు ఆ ముగ్గురు నలుగురిలో ఒకర్నే, అంటే మీరు డబ్బిచ్చి పెట్టుకున్నా వచ్చేది ఆ మనిషే కావచ్చు. ఫ్రెండ్స్ ఇద్దరి మీదా కేసు ఉంటే ముగ్గురికీ ఒకే లాయరు వద్దు. ఇవాళ స్నేహితులే, రేపు "పెన్ను వాడిదే" అని ఒకడు చెప్తే మీవాడికి బయటపడే దారి దొరుకుతుందంటే, ఒకే లాయరు ఇద్దరి తరఫున ఎలా మాట్లాడతాడు?

మీరు గాజువాకలో కూర్చుని చెయ్యగలిగినవి కొన్నే. ఫోన్లో కేసు గురించి గుచ్చి గుచ్చి అడక్కండి, మెసేజీల్లో అసలే వద్దు. మళ్ళీ లోపలికి వెళ్ళాల్సొస్తే జైలు ఫోన్లు రికార్డవుతాయి, తెలుగులో మాట్లాడుకుంటే వాళ్ళకేం తెలుస్తుందిలే అనుకోవద్దు, తెలుగు వచ్చినవాళ్ళని పెట్టి రాయించుకోవడం వాళ్ళకి పెద్ద పని కాదు. హ్యూస్టన్‌లో మన కాన్సులేట్ టెక్సాస్‌ని చూస్తుంది, అరెస్టైన మనవాళ్ళ విషయం కాన్సులేట్‌కి చెప్పమని వాడే అడగాలి, అడక్కుండా చెప్పాలని రూలు లేదు. కాన్సులేట్ లాయరు ఫీజు కట్టదు గానీ లాయర్ల లిస్టు ఇస్తుంది, మనిషి ఎలా ఉన్నాడో కనుక్కుంటుంది. కేసు నడుస్తుండగా అక్క పెళ్ళనీ అమ్మమ్మకి బాలేదనీ వైజాగ్ టికెట్ బుక్ చెయ్యకండి, దేశం దాటాక మళ్ళీ లోపలికి రానిస్తారన్న గ్యారంటీ లేదు. 2025 ఏప్రిల్‌లో చిన్న చిన్న పోలీసు రికార్డులు చూసి వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల మీద సర్కారు ఉంచే లెక్క) ఒక్కసారిగా ఆపేశారు, కోర్టుల్లో కేసులు పడ్డాక వెనక్కిచ్చారు, అంత సున్నితంగా ఉంది అక్కడ వ్యవహారం. వాయిదా మాత్రం ఒక్కటి కూడా తప్పకూడదు, తప్పితే బాండ్ పోతుంది, వారంటు వస్తుంది.

ప్లాటు ఉంచండి. కావాలంటే తర్వాత అమ్మొచ్చు.

ప్రశ్న: మేడమ్, మాది చింతపల్లి మండలంలో గూడెం, మేం ఎస్టీలం. మా తమ్ముడు ఆటో తోలతాడు, ఫైనాన్స్ మీద తీసుకున్నాడు. మొన్న సంత రోజు ఇద్దరు బస్తాలతో ఎక్కి నర్సీపట్నం దాకా బేరం ఆడారట, చెక్‌పోస్టు కాడ ఆపేసరికి ఆళ్ళు దూకి పారిపోయారు, మావోణ్ణి పట్టుకున్నారు. 22 కేజీలని రాశారట. తెల్లకాగితాల మీద కూడా సంతకాలు పెట్టించుకున్నారంటన్నాడు. ఇప్పుడు అడివివరం జైల్లో ఉన్నాడు. బెయిలు తెప్పిస్తానని ఒకాయన 80 వేలు అడిగితే 20 వేలు ఇచ్చేశాం, ఆయన లాయరో కాదో కూడా మాకు తెలీదు. సర్కారు లాయర్ని పెట్టుకుంటే పోలీసోళ్ళ పక్కే మాట్లాడతాడని ఊళ్ళో అంటన్నారు. ఆటో స్టేషన్లోనే ఉంది, కిస్తీ కట్టమని ఫైనాన్సోళ్ళు ఫోన్ల మీద ఫోన్లు.

జవాబు: చెల్లీ, మిగతా 60 వేలు ఇవ్వకు. ఆ ఇచ్చిన 20 వేల మాట తర్వాత చెప్తాను.

ఊళ్ళోవాళ్ళు ఇద్దర్ని ఒకరే అనుకుంటున్నారు. కోర్టులో పోలీసుల తరఫున కేసు నడిపేది పీపీ, పబ్లిక్ ప్రాసిక్యూటరు. న్యాయసేవాధికార సంస్థ ఇచ్చేది లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్, ఆయన ముద్దాయి మనిషి, మీ తమ్ముడి తరఫునే నిలబడతాడు. 2022 నుంచి వచ్చిన పద్ధతి ఇది, వాళ్ళకి జీతం ఇస్తారు, బయట కేసులు చెయ్యకూడదు, క్రిమినల్ కేసుల్లో ముద్దాయిల తరఫున వాదించడమే పని. మీ దగ్గర పైసా తీసుకోకూడదు. న్యాయసేవాధికార సంస్థల 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకీ, ఎస్సీలకీ, ఆడవాళ్ళకీ, జైల్లో ఉన్నవాళ్ళకీ ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు వస్తాడు. మీ తమ్ముడికి రెండు రకాలుగా వస్తుంది, ఎస్టీ కాబట్టీ, లోపల ఉన్నాడు కాబట్టీ. వాడు జైలు సూపరింటెండెంటుకి కాగితం ఇస్తే చాలు, లేదా జైల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్‌కి వచ్చే వాలంటీరుకి చెప్పినా చాలు. మీరు బయట నుంచి 15100కి ఫోన్ చెయ్యండి, లేకపోతే బస్సు దిగి నేరుగా విశాఖ జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్ళండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉంటే పట్టుకెళ్ళండి, లేకపోతే పోలీస్ స్టేషన్ పేరు, అరెస్టైన తేదీ, తమ్ముడి పేరు, ఈ మూడూ చాలు.

మీ అంత దూరం నుంచి వచ్చేవాళ్ళని నేను రోజూ చూస్తాను. తెల్లారుజామున మొదటి బస్సెక్కి ఘాట్ దిగి, కోర్టు మెట్ల మీద చద్దన్నం మూట విప్పుకుని కూర్చుంటారు, పన్నెండింటికి బంట్రోతు పేరు పిలుస్తాడు, రెండు నిమిషాల్లో వాయిదా పడుతుంది, వాయిదా అంటే ఏంటో అడిగే లోపే ఇంకో పేరు పిలిచేస్తాడు. ఆ మెట్ల మీదే బేరగాళ్ళు తగులుకుంటారు, "జడ్జి గారు మనకి తెలుసు" అంటూ. జడ్జి గారు తెలుసన్నవాడెవడైనా సరే, వాడికి జడ్జి గారికి తప్ప అందరికీ అప్పుంటుంది.

కేసులోకి వద్దాం. మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయికి కిలో దాకా చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే కమర్షియల్, అంటే వ్యాపారానికి తెచ్చినంత. కమర్షియలైతే శిక్ష 10 ఏళ్ళకి తక్కువ కాదు, 20 దాకా పోవచ్చు, లక్ష నుంచి 2 లక్షల జరిమానా. 37వ సెక్షన్ వల్ల బెయిలుకి కూడా జడ్జికి "ఇతను నేరం చెయ్యలేదని నమ్మడానికి కారణాలున్నాయి" అనిపించాలి. అందుకే 22 అన్న అంకె దగ్గర మీ లాయరు చాలాసేపు కూర్చోవాలి. చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు, కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులూ గింజలూ కాదు. బస్తా బరువుతో తూచారా, తడి సరుకా, రెండు బస్తాలూ విడిగా తూచారా కలిపి తూచారా? చాలాఏళ్ళ కిందట నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక కేసులో వానలో తడిసిన గోనె బస్తాలతో సహా తూచి 21 కిలోలని మధ్యవర్తుల రిపోర్టులో రాశారు, మేజిస్ట్రేటు ముందు మళ్ళీ తూచేసరికి 18న్నర. ఆ రెండున్నర కిలోల మీదే ఆ కుర్రాడికి బెయిలొచ్చింది. మా సీనియరు ఆ తూకం చీటీని పాకెట్ డైరీలో మడిచి పెట్టుకుని తిరిగేవారు. మీ కేసులో కూడా 52ఎ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ముందు చేసిన తూకం, తీసిన శాంపిల్ కాగితాలు అడగాలి. అవి సరిగ్గా లేనంత మాత్రాన కేసు దానంతటదే కొట్టుకుపోదు, అయినా పట్టుకుని వాదించడానికి చేతికి ఏదో ఒకటి దొరుకుతుంది. సోదా చేసేటప్పుడు వీడియో తియ్యాలని కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 105వ సెక్షన్లో ఉంది, ఆ వీడియో కూడా అడగమనండి.

టీ కొట్టు దగ్గర ఎవరైనా "గెజిటెడ్ ఆఫీసరు లేకుండా వెతికారు కాబట్టి కేసు నిలబడదు" అంటే వినకండి, ఆ రూలు ఒంటి మీద వెతికినప్పుడే, బస్తాకి వర్తించదు.

అసలు వాదన ఇంకోటుంది. ఆటో వాడిది, సరుకు వాడిదేనా? వాడికి తెలుసా? తెలుసనే చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని మనం చూపించాలి, అదే ఈ చట్టంలో కష్టం. వాళ్ళిద్దరితో తమ్ముడికి అంతకుముందు ఫోన్లు ఉన్నాయా, కిరాయి మామూలు కిరాయేనా, సంతలో ఎక్కించుకున్నప్పుడు ఎవరైనా చూశారా, చెక్‌పోస్టు కెమెరాలో ఇద్దరు దూకి పారిపోవడం పడిందా? కెమెరా ఫుటేజీ కొన్నాళ్ళకి చెరిగిపోతుంది, అందుకని లాయరు దొరికిన మొదటి వారంలోనే అది భద్రపరచమని కోర్టులో పిటిషన్ వెయ్యాలి. సంతలో చూసినవాళ్ళ పేర్లు ఇప్పుడే ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకో, ఆర్నెల్లు పోతే ఎవరికీ గుర్తుండదు, గుర్తున్నా రారు.

తెల్లకాగితాల మీద సంతకాల గురించి భయపడకు, నోరు మూసుకుని కూడా ఉండొద్దు. పోలీసు ముందు ఒప్పుకున్నట్టు రాసుకున్నది సాక్ష్యంగా చెల్లదు, 2020లో తోఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ గంజాయి చట్టం కింద ఆఫీసర్లు రాయించుకున్నదీ చెల్లదని చెప్పింది. ఇంకా రిమాండు పొడిగించడానికి మేజిస్ట్రేటు ముందుకి తెచ్చినప్పుడు, వీడియోలో అయినా సరే, "నా చేత ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు" అని తమ్ముడు నోటితో చెప్పాలి, రాసుకోమని అడగాలి. ములాఖత్‌కి వెళ్ళినప్పుడు ఈ ఒక్క ముక్క నేర్పించి రా. అరెస్టుకి కారణాలు ముద్దాయికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది, వాడికి తెలుగు చదవడం వచ్చా, ఏ భాషలో ఏ కాగితం చేతికిచ్చారు అన్నది కూడా లాయరుకి చెప్పండి.

బెయిలు రేపే వస్తుందని నేను చెప్పను, చెప్పేవాణ్ణి నమ్మొద్దు. ముందు విశాఖలో ఈ చట్టానికి పెట్టిన స్పెషల్ కోర్టులో వేస్తారు, కాకపోతే అమరావతిలో హైకోర్టు. ఒక తేదీ మాత్రం గోడ మీద రాసి పెట్టుకో, మొదటి రిమాండు రోజు నుంచి 180 రోజులు. ఈలోగా చార్జిషీటు పడకపోతే, కోర్టు గడువు పెంచకపోతే, బెయిలు హక్కుగా వస్తుంది. దానంతటది రాదు, 181వ రోజు పొద్దున్నే పిటిషన్ వెయ్యాలి, చార్జిషీటు పడ్డాక వేస్తే చేతికందింది జారిపోయినట్టే.

ఆటో సంగతి చాలామందికి తెలీదు. ఈ చట్టం కింద పట్టుకున్న బండిని కేసు తేలేదాకా స్టేషన్లో తుప్పు పట్టించాల్సిన పనిలేదని, యజమాని అడిగితే షరతులతో ఇవ్వొచ్చని 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. అది లారీ కేసు, అందులో ఓనరు ముద్దాయి కాదు, మీ కేసులో ఆటో తమ్ముడిదే, తమ్ముడే ముద్దాయి, కాబట్టి అంత తేలిక కాదు, అయినా పిటిషన్ వెయ్యడంలో పోయేదేం లేదు. ఫైనాన్స్ కంపెనీకి మాత్రం ఎఫ్ఐఆర్ కాపీ పెట్టి బండి పోలీసుల దగ్గరుందని ఉత్తరం రాయండి, రిజిస్టర్ పోస్టులో, ఫోన్లో చెప్పడం కాదు.

ఇక ఆ 20 వేలు. వకాలత్నామా (లాయర్ని పెట్టుకుంటున్నట్టు ఇచ్చే కాగితం) మీద ఎవరి పేరుంది అని తమ్ముణ్ణి అడుగు, వాడు సంతకం పెట్టే ఉంటాడు. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొడితే ముద్దాయి తరఫు లాయరు పేరు కనబడుతుంది, మీ గ్రామ సచివాలయంలో ఎవరైనా కుర్రాణ్ణి అడిగినా తీసి చూపిస్తారు. పేరుంటే లాయరు, రసీదు అడుగు, పని జరక్కపోతే కాగితాలు వెనక్కిమ్మని అడుగు. పేరు లేకపోతే నువ్వు డబ్బిచ్చింది లాయరుకి కాదు, అప్పుడు న్యాయసేవాధికార సంస్థలోనే ఆ విషయం కూడా రాసివ్వు.

మళ్ళీ ఒకసారి చెప్తున్నా, ఫ్రీ లాయరంటే తక్కువ లాయరని కాదు. నర్సీపట్నం నుంచి పెద్ద పేరున్న ప్లీడర్ని తెచ్చుకుంటే ఆయనకి స్పెషల్ కోర్టు వారానికొక ప్రయాణం, డిఫెన్స్ కౌన్సిల్‌కి క్రిమినల్ కోర్టులే రోజూ తిరిగే చోటు, గంజాయి కేసులు వాళ్ళ బల్ల మీద ఎప్పుడూ ఉండేవే. ఇష్టం లేకపోతే, రెండు వాయిదాలు చూశాక పని చెయ్యట్లేదనిపిస్తే, మార్చమని అదే ఆఫీసులో అడగొచ్చు. 1986లో అరుణాచల్ ప్రదేశ్ నుంచి సుఖ్ దాస్ అనే ఆయన కేసులో, లాయరు కావాలని ముద్దాయి అడగలేదు కాబట్టి ఇవ్వలేదంటే కుదరదు, కొండల్లో పల్లెల్లో ఉండేవాళ్ళకి అడగొచ్చన్న సంగతే తెలీదు, జడ్జే చెప్పాలి అని సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. అది తీర్పుల పుస్తకంలో ఉంది. కోర్టులో అడిగినవాళ్ళకే ముందు దొరుకుతుంది, నువ్వు అడుగు.

ప్రశ్న: మాది పద్మనాభం మండలం. గట్టు దగ్గర పక్క పొలం ఆయనకీ నాకూ తోపులాట జరిగింది, ఆయన కేసు పెట్టాడు. ఎస్ఐ గారు వాట్సాప్‌లో 35(3) నోటీసు పంపి సోమవారం రమ్మన్నారు. వెళ్తే లోపలేస్తారని మా ఆవిడ వద్దంటోంది.

జవాబు: వెళ్ళండి. బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు అంటేనే అరెస్టు చెయ్యకుండా పిలుస్తున్నారని అర్థం, చెప్పినట్టు హాజరైతే ప్రత్యేకంగా కారణాలు రాస్తే తప్ప అరెస్టు చెయ్యకూడదు, 7 ఏళ్ళ లోపు శిక్షల కేసుల్లో ఊరికే అరెస్టు చెయ్యొద్దని 2014లోనే అర్నేష్ కుమార్ తీర్పు ఉంది. వెళ్ళకపోతేనే అరెస్టుకి దారి ఇచ్చినవాళ్ళవుతారు. వాట్సాప్‌లో పంపిన నోటీసు చెల్లదని 2025లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే, ఆ పాయింటు పట్టుకుని ఇంట్లో కూర్చోవడం తెలివి కాదు, వెళ్ళి కాగితం మీద ఇవ్వమని మర్యాదగా అడిగి తీసుకోండి. మీకూ దెబ్బలు తగిలితే భీమిలి ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని చీటీ పెట్టుకోండి, మీరూ కంప్లైంట్ ఇవ్వండి. చిన్న దెబ్బల కేసు తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ పడొచ్చు, గట్టు తగాదా మాత్రం సర్వే చేయించుకుంటే తప్ప తేలదు.

సోమవారం కన్నా ముందు శుక్రవారమే భీమిలి కోర్టుకి వెళ్ళి అక్కడ రోజూ కనబడే ప్లీడరు ఎవరో కనుక్కుని మాట్లాడి పెట్టుకోండి, శని ఆదివారాలు ఎవరూ దొరకరు.